రాగం కోసం మారిన వాయిద్యం, మనిషి కోసం మారకూడదా?

నా ఎడమ చెయ్యి పుట్టుకతోనే బలహీనం. అమ్మకి కాన్పు కష్టమైందట. నన్ను బయటికి తీసేటప్పుడు మెడకీ భుజానికీ మధ్య నరాలు దెబ్బతిన్నాయట. మోచెయ్యి సగం వరకే చాపగలను. వేళ్ళు వస్తువుని పట్టుకుంటాయి గానీ ఆ పట్టు నిలవదు. పదేళ్ళప్పుడు నాన్న నన్ను ఒక సంగీతం మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. హార్మోనియం నేర్చుకోవాలని ఉందని చెప్పాను. ఆయన పెట్టె నా ముందుంచి, "ఏదీ, గాలి కొట్టు చూద్దాం" అన్నారు. రెండుసార్లు కొట్టాను. మూడోసారి చెయ్యి జారిపోయింది. మాస్టారు నా తల నిమిరి, "నీకు గొంతుంది కదా నాయనా, గాత్రం నేర్చుకో. హార్మణీ మనకొద్దులే" అన్నారు.

ప్రేమగానే అన్నారు. నేను నాలుగేళ్ళు గాత్రం నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చాను. గొంతు మారే వయసులో అది ఆగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టాలని అనిపించలేదు. ఎందుకంటే నేను కావాలనుకున్నది అది కాదు. నా చెవిలో ఉన్నది రీడ్ల మోత, హార్మోనియం లోపల గాలికి కదిలి పలికే లోహపు రేకుల మోత.

చెయ్యి బాగాలేని పిల్లలకి గాత్రం, కాళ్ళు మడవలేని పిల్లలకి గాత్రం, చూపు లేని పిల్లలకి గాత్రం. ఇన్నేళ్ళలో ఈ సలహా విన్న తల్లిదండ్రులని చాలామందిని చూశాను. గాత్రం గొప్పదే, దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ మిగతా పిల్లలకి ఏం కావాలో అడుగుతాం, ఈ పిల్లలకి మాత్రం ఏది సరిపోతుందో మనమే చెప్పేస్తాం. చూపు బాగా మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని కూడా ఎవరో అలాగే గాత్రం వైపు తిప్పేసి ఉంటే, విజయనగరం సంగీత కళాశాలకి ఆ వయొలిన్ ఉండేదే కాదు.

మా పెదనాన్న పద్యనాటకాల హార్మోనిస్టు. ఆయన వాయించింది లెగ్ హార్మోనియం. బల్లంత ఎత్తున నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండేది. నాటకాలు తగ్గిపోయాక, నేను పుట్టడానికి ఏడాది ముందు దాన్ని అమ్మేశారు. పెదనాన్న ఇంట్లో మిగిలింది ఒక ఫోటో. స్టేజి పక్కన కుర్చీలో కూర్చుని, తల కాస్త పైకెత్తి, పద్యం ఎత్తుకోబోతున్న నటుడి వైపు చూస్తూ ఉంటాడు. చిన్నప్పటి నుంచీ అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఆ ఫోటో కిందే అన్నాలు తిన్నాం. ఆయన పోయాక అది మా ఇంటికి వచ్చింది. గోడకి తగిలించే ముందు గుడ్డతో తుడుస్తుంటే కళ్ళు ఒకచోట ఆగాయి. పెదనాన్న రెండు చేతులూ హార్మోనియం మెట్ల మీదే ఉన్నాయి. గాలి కొడుతున్నవి ఆయన కాళ్ళు.

అప్పటికి నాకు 32 ఏళ్ళు. నాన్నకి గానీ, నాకు గానీ, చివరికి పెదనాన్నకి గానీ ఈ సంగతి ఎందుకు తట్టలేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. నా చేతి వైపు చూసిన వాళ్ళంతా చేతినే చూశారు. పెట్టె వైపు ఎవరూ చూడలేదు.

హార్మోనియం చరిత్ర తెలిశాక నాకు ఈ బాధ ఇంకా ఎక్కువైంది. 1840ల మొదట్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ దెబాన్ అనే ఆయన ఆ పేరుతో దానికి పేటెంటు తీసుకున్నాడు. అది కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో మెట్లు నొక్కుతూ, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ వాయించే పెట్టె. అది మన దేశానికి వచ్చేసరికి ఇక్కడి పాటగాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నారు. మడిచిన కాళ్ళతో పెడళ్ళు తొక్కడం కుదరదు. అదీ కాక మన సంగీతానికి ఒక్క చేత్తో స్వరం నడిస్తే చాలు, రెండో చెయ్యి ఖాళీగానే ఉంటుంది. 1870లలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతి హార్మోనియాన్ని తయారు చేశాడని చెబుతారు. కాళ్ళు తీసేసి, తిత్తిని పెట్టె వెనక్కి మార్చి, ఎడమ చేతికి ఆ పని అప్పగించారు. అంటే మనం ఈ రోజు సంప్రదాయం అనుకునే హార్మోనియం, కింద కూర్చునే మనిషి కోసం మార్చిన వాయిద్యం. ఆ మార్పులో కింద కూర్చునేవాళ్ళందరికీ వీలు దొరికింది, ఎడమ చెయ్యి పనిచెయ్యని వాడు బయట ఉండిపోయాడు. ఎవరూ కావాలని చేసింది కాదు. మరి రెండోసారి మార్చడానికి అడ్డేమిటి?

మా ఊళ్ళో హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన నా చెయ్యి వైపు చూడనే లేదు. "కాలితో కొట్టాలంటారు, అంతేగా బాబూ. పాత రోజుల్లో అలాగే ఉండేవి" అన్నారు. అంత తేలిగ్గా ఆ మాట ఇంకెవరూ అనలేదు. మొదట పాత లెగ్ హార్మోనియం కోసమే వెతికాం. ఒకటి కనిపించింది గానీ రీడ్లు తుప్పుపట్టి, తిత్తి తోలు ఎలుకలు కొరికేసి ఉంది. వాళ్ళు చెప్పిన ధరకి కొత్త చేతి హార్మోనియం వచ్చేస్తుంది. అప్పుడు ఆయనే అడిగారు, "ఇంట్లో పాత కుట్టు మిషను స్టాండు ఏమన్నా ఉందా?" అని.

ఉంది. అమ్మ మిషను తల పాడైపోయి పదేళ్ళయింది, ఇనప స్టాండు పెరట్లో తులసి కుండీలు మోస్తోంది. దాన్ని కడిగి, తుప్పు గీకి, పైన కొత్త చెక్క వేయించాం. హార్మోనియం ఆ చెక్క మీద కూర్చుంది. కింద పెడల్ ఎలాగూ ఉంది. ఇక మిగిలిన పనల్లా కాలు కిందికి తొక్కే తొక్కుడుని వెనకాల తిత్తి మూసుకునే కదలికగా మార్చడమే.

మనం చేత్తో కొట్టేది బయటి తిత్తి. ఆ గాలి పెట్టె లోపల ఇంకో తిత్తిలోకి పోయి నిలవ ఉంటుంది. దాన్ని స్ప్రింగులు నొక్కుతూ ఉంటాయి కాబట్టి మన చెయ్యి ఆగినా కాసేపు గాలి రీడ్ల మీదుగా ఒకే ఒత్తిడితో పోతుంది. ఆ కాసేపే మాకు దక్కిన వెసులుబాటు. పెడల్ నుంచి సైకిల్ బ్రేకు వైరు తీసుకొచ్చి, చిన్న కప్పీ మీదుగా తిప్పి, తిత్తికి కట్టాం. తొక్కితే తిత్తి మూసుకోవాలి. కాలు ఎత్తితే ఒక స్ప్రింగు దాన్ని మళ్ళీ తెరవాలి. మొదటి స్ప్రింగు గట్టిదై పది నిమిషాలకే పిక్క పట్టేసింది. రెండోది మెత్తనైంది, తిత్తి సగమే తెరుచుకుని, స్వరం మధ్యలో ఊపిరాడనట్టు వణికింది. మూడోది టైపు మిషన్లు బాగుచేసే అతని దగ్గర పాత సామాన్ల డబ్బాలో దొరికింది, అది సరిపోయింది. ఈలోగా వైరు లాగుడుకి పెట్టె వెనక్కి జరిగిపోతుంటే రెండు పక్కలా చెక్క పట్టీలు వేశాం. పెడల్ కిర్రుమనకుండా కీళ్ళల్లో నూనె, కింద కంబళి ముక్క. రెండు నెలల ఆదివారాలు పట్టింది. మొత్తం ఖర్చు రూ.3,800, అందులో సగం వడ్రంగి కూలి.

అంతా అయ్యాక మొదటిసారి కాలు వేసి మధ్యమం నొక్కాను. స్వరం వచ్చింది. ఆపకుండా పట్టుకున్నాను. పెద్దాయన కళ్ళు మూసుకుని విని, "గాలి కొంచెం కారుతోంది, బుధవారం రండి" అన్నారు. నాకు మాత్రం మాట పెగల్లేదు.

ఆ తర్వాత నేర్చుకోవడం వేరే కథ. కాలికి తాళం వెయ్యడం అలవాటు. ఆదితాళంలో కృతి మొదలుపెడితే నాకు తెలియకుండానే కాలు దెబ్బ దెబ్బకీ పెడల్ తొక్కేది. దాంతో ప్రతి దెబ్బ దగ్గరా స్వరం ఉబ్బేది, పాట వరస మధ్యలో చచ్చుబడేది. కాలు తాళాన్ని మర్చిపోవాలి, పాట ఊపిరిని పట్టుకోవాలి. ఇందుకు నాకు ఎనిమిది నెలలు పట్టింది. అప్పుడు చిన్నప్పటి గాత్రం ఆదుకుంది. పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీస్తానో అక్కడ కాలు ఎత్తడం మొదలుపెట్టాక వాయిద్యం దారిలోకి వచ్చింది. లోటు ఉంది, దాచను. స్టాండు బరువు. భజనకి రమ్మంటే ఆటో మాట్లాడుకోవాలి, ఇద్దరు పట్టాలి. చేతి తిత్తితో తెచ్చే సన్నని ఒత్తిళ్ళు కొన్ని నా కాలికి ఇంకా రాలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. నా పెట్టె చూసిన వాళ్ళలో కొంతమంది సంగీతం తెలిసినవాళ్ళు, "బాగుంది గానీ, పద్ధతి కాదు కదా" అన్నారు. ఈ పద్ధతి అనే మాట దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ గారు మాండలిన్‌ని ఏం చేశారో మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మాండలిన్‌కి మామూలుగా నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, కష్టం. ఆయన జతలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కచేరీలు చేశారు. మొదట్లో ముక్కు విరిచిన వాళ్ళున్నారు, తర్వాత అదే సభల్లో ఆయన కోసం బారులు తీరారు. కద్రి గోపాల్‌నాథ్ గారు గమకం కోసం శాక్సఫోన్‌నే మార్పించుకున్నారు. అంతకు ముందు 19వ శతాబ్దంలో బాలుస్వామి దీక్షితార్ కాలంలో మన దగ్గరికి వచ్చిన వయొలిన్ సంగతి చూడండి. యూరప్‌లో దాన్ని భుజం మీద గడ్డంతో పట్టుకుంటారు. మనవాళ్ళు కింద కూర్చుని, ఛాతీకీ కుడి పాదానికీ మధ్య ఆనించారు. వాయిద్యాన్ని మోసే పని తప్పింది కాబట్టి ఎడమ చెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. తీగల శ్రుతి కూడా మార్చి స-ప-స-ప చేసుకున్నారు.

ఇవన్నీ రాగం కోసం, కూర్చునే తీరు కోసం చేసిన మార్పులు. వీటిని ప్రతిభ అన్నాం, ప్రయోగం అన్నాం, ఇప్పుడు సంప్రదాయం అంటున్నాం. ఒక మనిషి చెయ్యి కోసం మార్చమంటే మాత్రం అది కన్సెషన్ అయిపోతుంది. రాగానికి ఇచ్చిన గౌరవం మనిషికి ఎందుకు ఇవ్వం? ఇది నేను కోపంతో అడగడం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను. సంప్రదాయం పేరుతో గీసిన గీతలు ఎన్నాళ్ళుంటాయో హార్మోనియానికి తెలిసినంతగా ఇంకే వాయిద్యానికీ తెలియదు. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దాన్ని అసలు లోపలికే రానివ్వలేదు.

ఒక పోటీలో నేను పేరిచ్చాను. వాయించాక నిర్వాహకులు నన్ను వరసలోంచి పక్కకి తీసి, ఎవరూ అడగని ఒక "ప్రత్యేక బహుమతి" ఇచ్చి శాలువా కప్పారు. నా కల్యాణి రాగం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. ఐదో స్థానం వచ్చినా ఆనందంగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ శాలువా ఇప్పటికీ మడత విప్పలేదు.

వాయిద్యాన్ని మనిషి కోసం మారిస్తే సంగీతానికి నష్టం అనుకునేవాళ్ళకి నేను టోనీ అయోమీ సంగతి చెబుతాను. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కుర్రాడు. 17 ఏళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మిషను కింద పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం గిటారిస్టు, అంటే తీగల్ని నొక్కేది ఆ కుడి చెయ్యే. గిటార్ వదిలెయ్యమన్నారు. అతను ఒక ప్లాస్టిక్ డిటర్జెంట్ సీసా కరిగించి, వేళ్ళ కొసలకి సరిపడే తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని బాంజో తీగల్లాంటి సన్నవి ఎక్కించాడు. తర్వాత తీగల్ని ఇంకా వదులు చెయ్యడానికి శ్రుతే మూడు మెట్లు దించేశాడు. అలా దించినప్పుడు గిటార్‌లోంచి వచ్చిన బరువైన, చీకటి నాదమే అతని బృందం బ్లాక్ సబ్బాత్ నాదం అయింది, హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది అయింది. ఆ మార్పు వేళ్ళ నొప్పి తగ్గడానికి చేసుకున్నది. దాన్ని ఈ రోజు పది వేళ్ళూ ఉన్నవాళ్ళు అనుకరిస్తున్నారు.

ఇలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. డెఫ్ లెపర్డ్ అనే రాక్ బృందం డ్రమ్మర్ రిక్ అలెన్‌కి 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. ఎడమ చేతి దెబ్బల్ని ఎడమ కాలి పెడళ్ళకి అప్పగించే ఎలక్ట్రానిక్ డ్రమ్ముల సెట్టు చేయించుకుని 1986లో మళ్ళీ స్టేజి ఎక్కాడు. అమెరికాలో డేవిడ్ నాబ్ అనే శాక్సఫోన్ ప్రొఫెసర్‌కి 2000లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోతే, జెఫ్ స్టెల్లింగ్ అనే పనివాడు కుడి చెయ్యి ఒక్కదానితోనే అన్ని స్వరాలూ పలికే శాక్సఫోన్ తయారు చేశాడు. అయోమీ ఊరు బర్మింగ్‌హామ్‌లోనే 2011లో ఓమీ అనే ట్రస్టు మొదలైంది. ఒక చేత్తో వాయించగలిగే వాయిద్యాలు చేయించడం, వాటిని పిల్లలకి అందించడమే వాళ్ళ పని.

చేతులు లేకుండా పుట్టిన ఫెలిక్స్ క్లీజర్ అనే జర్మన్ కళాకారుడు ఎడమ కాలి వేళ్ళతో హార్న్ అనే ఇత్తడి బాకా వాయిస్తాడు. అలాంటి వీడియోల కింద మనవాళ్ళు రాసే కామెంట్లు చదివారా? "అన్నీ ఉన్న మనకి సిగ్గుచేటు", "ఆత్మవిశ్వాసానికి నిలువుటద్దం" అని రాస్తారు. ఆ కళాకారుడి సాధన నిజమే. కానీ ఆయన హార్న్‌ని సరైన ఎత్తులో నిలబెట్టే స్టాండు ఒకటి ఉంది. దాన్ని ఎవరో కొలిచి, కోసి, బిగించారు. ఆ స్టాండు గురించి ఒక్క కామెంటు కూడా నాకు కనపడలేదు. ఆత్మవిశ్వాసాన్ని పొగిడి ఊరుకుంటే మనం ఏమీ చెయ్యక్కర్లేదు. స్టాండు గురించి అడిగితే ఎవరో ఒకరు రంపం పట్టుకోవాలి. నాకు పదేళ్ళప్పుడు ఆత్మవిశ్వాసం కావలసినంత ఉంది. లేనిది ఒక పెడల్.

"ఇంత అవస్థ ఎందుకు, ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కోవచ్చుగా" అని కూడా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గాలి అక్కర్లేదు, ఒక్క చెయ్యి చాలు. చాలామందికి అదే సరైన దారి, కావాలనుకున్న వాళ్ళకి నేనే వెళ్ళి కొనిపించాను. కానీ రీడు మీద గాలి కదిలినప్పుడు చెక్క పెట్టె మొత్తం సన్నగా వణుకుతుంది, ఆ వణుకు మెట్ల మీది వేళ్ళకి తెలుస్తుంది. నాకు కావలసింది అది. రెండు చేతులూ ఉన్నవాడు హార్మోనియం కావాలంటే ఎవరూ ఎందుకని అడగరు.

మన దగ్గర పనితనానికి కొదవ లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెట్టు ఒంటి మొద్దులోంచి వీణ చెక్కుతారు. వీణకి 24 మెట్లూ మైనంలోనే నిలబడతాయి, ఆ మైనం కరిగించి మళ్ళీ మేళం కట్టడం, అంటే మెట్లని శ్రుతికి అమర్చడం, వాళ్ళకి నిత్యం ఉండే పని. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి మీటడానికి ఉండేలా, తాళం తీగలు అటు పక్కకి వచ్చేలా అద్దంలో బొమ్మలాంటి వీణ చెక్కమంటే ఆ చేతులు చెక్కలేవా? ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. వేళ్ళు విడివిడిగా కదలని వాళ్ళకి గోటువాద్యం ఉంది. మెట్లు లేని తీగల మీద చెక్క ముక్క జార్చి వాయించేది. ఒక గుప్పెడు పట్టు ఉంటే అక్కడ మొదలుపెట్టవచ్చు. ఈ మాట చెప్పిన సంగీతం మాస్టారు నాకు ఒక్కరు కూడా తగల్లేదు. జైపూర్ కాలు కూడా ఇలాగే వచ్చింది. విదేశీ కృత్రిమ పాదంతో గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వెయ్యడం కుదరదని, 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పీ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో మన కూర్చునే తీరుకి పనికొచ్చే పాదం చేశారు. శిల్పి, డాక్టరు, దాన్ని తొడుక్కునే మనిషి ఒకచోట కూర్చోబట్టి అయింది ఆ పని.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో కళల కోర్సులని అందరూ పాల్గొనేలా తిరిగి తీర్చిదిద్దాలని ఉంది. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, సంగీత పాఠశాలలో చేరే పిల్లకి ఇంకా గాత్రమే రాసిస్తున్నాం. నేను కోరేది పెద్దదేమీ కాదు. పిల్లని పరీక్షించే ముందు వాయిద్యాన్ని పరీక్షించండి. ఆ పిల్లకి కదిలేవి ఏమిటి, కాలా, మోచెయ్యా, గడ్డమా, ఊపిరా అని చూసి, ఆ కదలికని వాయిద్యానికి ఎక్కడ కలపవచ్చో మీ ఊరి రిపేరు పెద్దాయన్ని, వడ్రంగిని పిలిచి అడగండి. పోటీల్లో, పరీక్షల్లో మారిన వాయిద్యాన్ని వాయిద్యంగానే వినండి. మార్కులు తగ్గించవలసి వస్తే తగ్గించండి.

పోయిన నెల మా వీధి చివరింటి ఆవిడ వాళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. తొమ్మిదేళ్ళు. ఎడమ పక్క చెయ్యీ కాలూ రెండూ బిగుసుకుని ఉంటాయి, కుడి పక్క బాగా కదులుతుంది. "గాత్రం నేర్పించమన్నారండీ, ఇది మాత్రం మీ పెట్టె కావాలంటోంది" అన్నారావిడ. అమ్మాయిని స్టాండు ముందు కూర్చోబెట్టాను. కుడి కాలు పెడల్‌కి జానెడు ఎత్తులో ఊగుతోంది, అందలేదు. నేను కింద కూర్చుని పెడల్ చేత్తో నొక్కాను. ఆ పిల్ల కుడి చేత్తో షడ్జమం నొక్కి, వేలు తియ్యకుండా నా వైపు వంగి, "అంకుల్, ఆపకండి" అంది.

పెడల్ మీద చెక్క దిమ్మ పెట్టాలో, కుర్చీనే దించాలో ఇంకా తేలలేదు. కుర్చీ దించితే మెట్లు ఎత్తవుతాయి, మోచెయ్యి నొప్పి పెడుతుంది. దిమ్మే నయమని పెద్దాయన అంటున్నారు. ఎడమ కాలు కింద ఆనుకోవడానికి ఒక పీట కూడా కావాలి. ఈ ఆదివారం అమ్మాయి వస్తే ఎత్తులు కొలుస్తాం.